ఈశాన్యం మూల రోలు

పాత ఇళ్లు కొని, బాగు చేయించి, అమ్మడమో అద్దెకివ్వడమో చేస్తాం నేనూ మా తమ్ముడు శ్రీనూ. ఉప్పల్, నాచారం చుట్టుపక్కలే మా తిరుగుడంతా. ఎవరో పోయిన గదుల్లో పగలంతా నిలబడి గోడలకు రంగులు ఎంచుకునే పని ఇది. దయ్యాలంటే భయపడే మనిషి ఇందులో బతకలేదు. నేను ఏనాడూ నమ్మలేదు. వాస్తు అడిగితే మాత్రం ఉందంటాను. నాకు నమ్మకం ఉండి కాదు, కొనేవాళ్లకు ఉంటుంది కాబట్టి.

నాచారంలో ఆ ఇల్లు ప్రభాకర్ అనే ఆయన దగ్గర కొన్నాం. తల్లి చనిపోయాక ఇల్లు మూసేసి చెంగిచెర్ల వైపు వెళ్లిపోయాడాయన. గోడలు గట్టివి, ముందు జాగా బాగుంది. ఈశాన్యం మూలలో నల్లటి పెద్ద రోలు ఒకటి ఉంది.

దాన్ని చూడగానే నాకు ఆశ పుట్టింది. పాత రోట్లో నీళ్లు పోసి, బంతిపూలు వేసి గేటు పక్కన పెడితే ఇంటికి వచ్చే కళే వేరు. ఇప్పుడందరూ అదే చేస్తున్నారు. నలుగురు కూలీలు గడ్డపారలు వేసి, దొర్లించి దాన్ని గేటు దగ్గరికి చేర్చారు.

మర్నాడు వెళ్లేసరికి రోలు మళ్లీ మూలలోనే ఉంది. బంతిపూలు గేటు దగ్గర నేల మీద పడి ఉన్నాయి. దొర్లించిన గుర్తులు మట్టిలో ఎక్కడా లేవు.

కాపలాకు పెట్టిన మైసయ్య, అతని భార్య లక్ష్మి, మూడేళ్ల కూతురు సోనీ ఆ ఇంట్లోనే ఒక గదిలో ఉండేవాళ్లు. మైసయ్యను నిలదీస్తే తనకేం తెలియదని బిడ్డ మీద ఒట్టు పెట్టాడు. ఎవరో ఆకతాయి పని అనుకుని కూలీలందరికీ సమానంగా తిట్లు పంచాను. మళ్లీ గేటు దగ్గరికి చేర్పించాను. మళ్లీ మూలకే వచ్చింది. నీ డెకరేషన్ దానికి నచ్చలేదక్కా అని శ్రీను నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

నీళ్ల సంపు ఈశాన్యంలో ఉందంటే కొనేవాళ్లు వెంటనే మెత్తబడతారు. అందుకని రోలును వెనక గోడ దగ్గర పడేయించి, ఆ మూలలోనే తవ్వించాం. కాస్త లోతుకే పాత సంపు ఒకటి బయటపడింది. దాని నోటికి బండ వేసి, సిమెంటుతో మూసేసి ఉంది. తయారుగా ఉన్న సంపు దొరికిందని శ్రీను సంబరపడిపోయాడు. ఎందుకు మూశారో ఇద్దరిలో ఒక్కరమూ ఆలోచించలేదు. కడిగించి, ఎక్కడైనా కారుతుందేమో చూద్దామని నిండా నీళ్లు పట్టించాం. ఇనుప మూత ఇంకా రాలేదు. అప్పటిదాకా ఒక ప్లైవుడ్ ముక్క కప్పాం. పని జరిగే ఏ ఇంట్లో చూసినా ఇక్కడ అదే చేస్తారు.

ఆ మధ్యాహ్నం నేను వెళ్లేసరికి లక్ష్మి మేడ మీద కొత్త గోడకు నీళ్లు కొడుతోంది. కూలీలు అన్నాలకు వెళ్లారు. మైసయ్య గేటు బయట ఇసుక దింపించుకుంటున్నాడు. పాప ఏదని అడిగితే లోపల పడుకుందన్నాడు. లోపల లేదు. అప్పుడు సంపు గుర్తొచ్చింది.

మూలకు పరుగెత్తాను. సంపు నోటి మీద రోలు కూర్చుని ఉంది. పక్కనే నేల మీద సోనీ. గౌను నడుము దాకా తడిసి నీళ్లు కారుతున్నాయి. ఏడవడం మాత్రం లేదు. లక్ష్మి దిగొచ్చి గుండెలకు హత్తుకుని ఏమైందని అడిగితే, పిల్ల ఆ రోలు వైపు చూస్తూ చెప్పింది.

“అవ్వ గుంజింది. గీడికి రావొద్దన్నది.”

ఆ ఇంట్లో అవ్వ ఎవరూ లేరు.

కూలీలు వచ్చాక రోలు జరిపించాం. సంపులో ప్లైవుడ్ ముక్క రెండుగా విరిగి తేలుతోంది. దాని పక్కన సోనీ చెప్పు ఒకటి తేలుతోంది. రెండోది పిల్ల కాలికే ఉంది. లక్ష్మి పిల్లను ఎత్తుకుని గేటు బయటికి వెళ్లిపోయింది.

ప్రభాకర్‌కు ఫోన్ చేస్తే సాయంత్రానికి వచ్చాడు. మూల వైపు చూడకుండా గేటు దగ్గరే నిలబడిపోయాడు.

“మా చెల్లె అండ్లనే పడి సచ్చిపోయిందమ్మా. అప్పుడప్పుడే నడక నేర్సింది. మూత తీసి మర్సింది మా అమ్మనే. చెల్లెను బొంద వెట్టి వచ్చినంక సంపు మూపిచ్చింది. ఆ రోలు ఒక్కతే నూక్కుంట తెచ్చి మీద పెట్టింది. మల్ల ఎవ్వర్నీ ముట్టనియ్యలే.”

దవాఖానాలో చివరి రోజుల్లో ఆమె కొడుకును కూడా గుర్తుపట్టలేదట. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లనూ రోలు మూలలోనే ఉందా అని అడిగేదట. పాస్టరు ప్రార్థన చేస్తుంటే మధ్యలో ఆపి మరీ అదే అడిగిందట. ఇదంతా చెబితే ఇల్లు ఎవరు కొంటారని నోరు మూసుకున్నానని ప్రభాకర్ తల వంచుకున్నాడు. గట్టిగా కడిగేద్దామనే పిలిచాను ఆయన్ను. చివరికి మంచినీళ్లు తెప్పించి ఇచ్చాను.

తెల్లారేసరికి మైసయ్య పెళ్లాన్నీ బిడ్డనూ తీసుకుని వెళ్లిపోయాడు. మేం సంపును మట్టితో నింపించి, ఆ మూలలో గడ్డి వేయించి, మధ్యలో రోలు ఉంచాం. ఈసారి నీళ్లూ పోయలేదు, పూలూ వేయలేదు. అది ఇక కదల్లేదు. ఇల్లు అమ్మబుద్ధి కాక అద్దెకిచ్చాను.

పోయిన వారం పొద్దున్నే కిరాయికున్న అబ్బాయి ఫోన్ చేశాడు. జనగామ వైపు నుంచి భార్యా బిడ్డతో వచ్చి ఇక్కడ ఫ్యాక్టరీలో పనిచేసుకుంటున్నాడు.

“అక్కా, ఆ రోలు బయటి బాత్రూం ముంగట పెట్టిచ్చిన్రేంది? దాటి పోవుడు కష్టమైతాంది.”

నేను పెట్టించలేదనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బాత్రూంలో ఏముందని అడిగాను.

“ఏముంటది, నల్లా వచ్చిందని టబ్బు నిండ నీళ్లు పట్టి పెట్టినం.”

వాళ్ల బాబు ఏం చేస్తున్నాడని అడిగాను.

“నిన్నటి సంది పాకుడు మొదలువెట్టిండు. ఒక్క కాడ ఉంటలేడక్కా.”

ఉన్నపళంగా వెళ్లి ఆ టబ్బు నా చేతులతో నేనే బోర్లించాను. అంత బరువు ఎవరు మోస్తున్నారో, ఎలా మోస్తున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. శ్రీను కూడా నవ్వడం మానేశాడు. నాకైతే భయం కంటే ముందు ఏడుపొస్తోంది, చచ్చిపోయినా ఆ తల్లికి కంటి మీద కునుకు లేదే అని. రోలు పక్కకు జరిపిద్దామా అని ఆ అబ్బాయి అడిగాడు. వద్దన్నాను. ఇప్పుడు వాళ్లు దాన్ని దాటుకుంటూనే లోపలికి వెళ్తున్నారు.