పిస్టన్లు లేని బండిలో వాటర్‌ఫోర్డ్ దాకా

మొన్న శనివారం క్లోనీలో ఎర్రదీపం పడితే ఆగాను. పక్క సీట్లో మా అమ్మాయి ఫోను చూసుకుంటోంది. ఇంతలో కుడిపక్క లైనులోకి, నేలకు జానెడు ఎత్తులో పాకుతున్నట్టుండే ఎర్ర కారొకటి వచ్చి ఆగింది. దాని చప్పుడు మామూలు కార్ల చప్పుడు కాదు. రేకు డబ్బాలో కందిరీగల్ని పోసి మూతపెట్టి ఊపితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ రొద చెవిన పడగానే నా వేళ్ళు స్టీరింగుకు అతుక్కుపోయాయి, దీపం పచ్చబడ్డా కాలు కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టాడు.

"డాడ్, యూ గ్రాండ్?" అంది అమ్మాయి.

గ్రాండే, అంటే ఇక్కడి భాషలో బాగానే ఉన్నాను, అన్నాను. పద్దెనిమిదేళ్ళ నాటి భయం ఒకటి పక్క లైనులో వచ్చి నిలబడిందని ఈ కాలపు పిల్లకు ఎలా చెప్పను? నా ఈడువాళ్ళు, ఒక సూట్‌కేసుతో ఈ ఐరిష్ దేశంలో దిగి, ఇంటి తలుపు ఎవరు తట్టినా ఉలిక్కిపడ్డవాళ్ళు, మీకైతే చెప్పొచ్చు. ముందే ఒక మాట. నేను చెప్పే దాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని ఎండలో ఆరబెట్టి నమ్మాలని మా ఆవిడ అందరికీ చెబుతూ ఉంటుంది. ఈ దేశంలో ఎండ ఎక్కడిది? కాబట్టి ఉన్నదున్నట్టుగానే తీసుకోండి.

అప్పటికి మేం సిటీవెస్ట్‌లో అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకుని ఆరు నెలలయింది. నాకు అన్నిటికీ భయమే. బ్యాంకు నుంచి ఉత్తరం వస్తే భయం, ఫోనులో అవతలివాళ్ళ యాసంటే భయం, రోడ్డు మీద గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కనిపిస్తే ఏ తప్పూ చేయకుండానే భయం. భయపడేవాళ్ళు రెండు రకాలు, నోరు మూసుకునేవాళ్ళు, మరీ తెరిచేవాళ్ళు. నేను రెండో రకం. మనవాళ్ళంతా కలిసిన ఒక భోజనాల్లో, హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాకా కార్ల పందెంలో నడిపాననీ, దారిలో పులి అడ్డొస్తే హారన్ కొట్టి పక్కకు తప్పించాననీ, ఇంజన్ని విప్పి చీకట్లో మళ్ళీ బిగించగలననీ చెప్పాను. నిజానికి నా చేతులతో నేను మార్చింది ఒక స్కూటరు ప్లగ్గు, అదీ తిరగేసి.

ఆ రోజుల్లోనే మా ఆవిడ అన్నయ్య, నాకు బావగారు, మా ఇంట్లో ఉండేవారు. రాజమండ్రిలో చదివిన డాక్టరు. భార్యనూ ఇద్దరు పిల్లల్నీ అక్కడే వదిలి, పరీక్షలు పాసై, ఇక్కడ ఉద్యోగం వెతుక్కుంటున్నారు. అప్పటికి రెండు ఇంటర్వ్యూలు పోయాయి. వైద్యం రాక కాదు. ఎదురుగా నలుగురు కూర్చుంటే ఆయన నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. నెలాఖరుకు ఆయన ఇక్కడ ఉండే గడువు తీరిపోతుంది. మూడో ఇంటర్వ్యూ వాటర్‌ఫోర్డ్ ఆసుపత్రిలో, సోమవారం పదకొండింటికి. అది పోతే తిరుగు ప్రయాణమే. ఆ మాట ఆయన ఎప్పుడూ నోటితో అనలేదు గానీ, మా ఆవిడ ప్రెస్‌లో, అంటే ఇక్కడివాళ్ళ భాషలో అలమరాలో, ఒక అర ఖాళీ చేసి ఇచ్చినా బట్టలు అందులో పెట్టేవారు కాదు. మడతపెట్టి మళ్ళీ సూట్‌కేసులోనే సర్దేవారు. రోజూ ఆ చప్పుడు వినిపించేది, జిప్పు వేసిన చప్పుడు.

ఆదివారమే బస్సెక్కి, ఆ రాత్రికి వాటర్‌ఫోర్డ్‌లోనే ఎక్కడైనా తలదాచుకుంటానన్నారాయన. నేనుండగా మీకు బస్సేమిటి బావగారూ, నా కార్లో దించుతాను అన్నాను. అప్పటికి నాకు కారు లేదు. ఆ మాట అన్నది బుధవారం.

ప్రకటనల్లో వెతికితే నాకు అందుబాటులో ఉన్న అందమైన బండి ఒక్కటే కనిపించింది. క్లోనీ అవతల ఒక పెద్దాయన జపాన్ నుంచి ఓడలో తెప్పించుకున్న స్పోర్ట్స్ కారు. ఇంత చవకేమిటని అడగాలనిపించింది, అడిగితే తెలియనివాడినని తెలిసిపోతుందని మానేశాను. ఇన్సూరెన్సు వాళ్ళు బండి పేరు వినగానే ఒకరి తరువాత ఒకరు ఫోను పెట్టేశారు. చివరికి ఆ పెద్దాయనే తనకు తెలిసినవాళ్ళతో మాట్లాడి కాయితం ఇప్పించాడు.

ఆదివారం మధ్యాహ్నం బావగారితో కలిసి చూడబోయాను. పెద్దాయన షెడ్డు తలుపు తీసి, బానెట్ ఎత్తి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపలికి చూస్తే ఇంజను ఉండాల్సిన చోట, పైపుల మధ్య నక్కినట్టు, ప్రెషర్ కుక్కరంత వస్తువొకటి ఉంది. అయినా మా నాన్న పాత జీపు కొనేటప్పుడు ఏమేం చేశాడో అవన్నీ చేశాను. టైర్లను తన్నాను, ఆయిలు పుల్ల లాగి వాసన చూశాను, సైలెన్సరు గొట్టంలో వేలు పెట్టి మసిని బొటనవేలితో రుద్ది ఊఁ అన్నాను. ఆ తరువాత గొంతు సవరించుకుని, ఎన్ని సిలిండర్లు అని అడిగాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "సిలిండర్లు లేవు. పిస్టన్లూ లేవు."

"నాకు తెలుసు. మీకు తెలుసో లేదోనని అడిగాను," అన్నాను.

ఆయన టోపీ వెనక్కి నెట్టుకుని, ఓపిగ్గా వివరించాడు. ఇది రోటరీ ఇంజను. రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్టు, గుల్ల లోపల మూడు మూలల ముద్దొకటి తిరుగుతుందట. పెట్రోలు తాగుతుంది, ఆయిలూ తాగుతుంది, అయినా గుర్రంలా పోతుంది. అన్నీ చెప్పి వేలెత్తాడు.

"ఒక్క మాట గుర్తుంచుకో. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేశావంటే, ఈ వేడి ముల్లు మధ్యకు వచ్చేదాకా ఆపకు. వాకిట్లో పక్కకు జరపడానికని స్టార్ట్ చేసి ఆపేశావా, లోపల పెట్రోలు నిండి ఇక లేవదు."

హైదరాబాద్‌లో మా బండీ అంతేనన్నాను. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి తాళం తీసుకున్నాను.

ఇంటికి వచ్చేదాకా నేను ఊపిరి పీల్చినట్టు గుర్తు లేదు. మోటార్‌వే మీద లారీల చక్రాలు నా చెవి పక్కనే తిరుగుతున్నాయి. బావగారు సీటు అంచును పట్టుకుని కూర్చున్నారు. "పందెంలో కూడా ఇంత నెమ్మదిగానే పోయేవారా?" అని అడిగారు. అది అడవి బావగారూ, ఇక్కడ రూల్సుంటాయన్నాను.

ఇల్లు చేరేసరికి రాహుకాలం. ఆ తరువాత వాన, చీకటి. పూజ చెయ్యని బండిలో మా అన్నయ్యను అంతటి పనికి పంపేది లేదని మా ఆవిడ తేల్చేసింది. సోమవారం ఏడున్నరకు మళ్ళీ రాహుకాలం కాబట్టి, ఆరున్నరకు పూజ, ఏడుంబావుకు బయలుదేరడమని ముహూర్తం పెట్టింది.

తెల్లవారి, బండి ముందూ వెనకా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. మన నిమ్మకాయలా అవి! ఇక్కడి షాపుల్లో దొరికే పిడికిలంత పసుపుపచ్చటివి. ఎక్కడానికి బండి మొరాయించింది, గట్టిగా తొక్కితే ఒక్క గెంతు గెంతి నాలుగింటినీ నలిపింది. ఇంజను ఆపి, దిగి, కొబ్బరికాయ కొట్టి, హారతి కళ్ళకద్దుకుని కాఫీకి పైకి వెళ్ళాం. పెద్దాయన మాట నాకు గుర్తులేక కాదు. ఆ మాట బండి నడపడం గురించి. ఇది పూజ. పూజలో అడుగు ముందుకేసిన దాన్ని నడపడమని ఎవరంటారు?

ఏడుంబావుకు కిందికి దిగి తాళం తిప్పాను. గర్, గర్, గర్. అంతే. మళ్ళీ తిప్పాను. పెట్రోలు వాసన కారంతా కమ్మింది. ఇంకోసారి తిప్పితే ఆ గర్‌ర్ కూడా నీరసపడింది. పక్కన సూటులో, ఒళ్ళో ఫైలుతో బావగారు. బస్సెక్కినా ఇప్పుడు అందుకోలేం. పాతికేళ్ళ చదువు, రాజమండ్రిలో ముగ్గురు మనుషులు, అన్నీ నేను అలవోకగా అన్న ఒక్క మాట మీద కూర్చుని, కదలని బండిలో ఉన్నాయి. అంతటి భయం నేను ముందూ ఎరుగను, తరువాతా ఎరుగను.

పెద్దాయనకు ఫోను చేశాను. మొదటి ప్రశ్నే అది. స్టార్ట్ చేసి వెంటనే ఆపావా? లేదన్నాను. నా ప్రమేయం లేకుండానే వచ్చేసింది అబద్ధం. అయితే బ్యాటరీ కావచ్చు, తొమ్మిదిన్నరకు మనిషిని పంపిస్తానన్నాడు. తొమ్మిదిన్నర అన్న మాట విని బావగారు నెమ్మదిగా ఫైలు మూశారు. ఆ అట్ట మూసుకున్న చప్పుడు, అచ్చం ఆ జిప్పు చప్పుడే.

"ఆపాను," అన్నాను ఫోనులో. "నిమ్మకాయల మీదికి ఎక్కించి ఆపాను."

"నిమ్మకాయలా?"

"నాలుగు."

"ఎందుకూ?"

"బండి చెడిపోకుండా ఉండటానికి."

గ్రాండ్, అన్నాడాయన. యాక్సిలరేటరు నేలకు తొక్కిపెట్టి తాళం తిప్పు, లోపలి పెట్రోలు బయటికి పోతుంది. అప్పటికీ లేవకపోతే రెండో గేరులో వేసి పల్లానికి తోయించు. ఈసారి లేచిందంటే మాత్రం ఆపకు, దేవుడి మీద ఒట్టు.

ఫోను పెట్టేసి, బావగారి వైపు తిరిగి, నాకు ఇంజన్ల గురించి ఏమీ తెలియదని చెప్పేశాను.

"తెలుసు బావా. గొట్టంలో వేలు పెట్టినప్పుడే తెలిసింది."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"బస్సులో ఒక్కణ్ణీ పోవాలంటే భయమేసింది," అన్నారాయన.

ఫైలు సీటు మీద పెట్టి, సూటు చేతులు పైకి లాక్కుని, దిగి బండి వెనక్కి వెళ్ళారు. మా ఆవిడ హారతి పళ్ళెం మెట్ల మీద పెట్టి పరుగెత్తుకొచ్చింది. "ఏవండీ, ఏడున్నర కావస్తోంది, రాహుకాలం!" కింది వాటాలో ఉండే ఐరిష్ ఆవిడ, పొద్దుటి నుంచీ కిటికీలోంచి మా పూజంతా చూస్తున్నావిడ, గౌను మీదే బయటికొచ్చి, టీ కప్పు గోడ మీద పెట్టింది. "ఆర్ యూ స్టక్, లవ్?" అంటూ భుజం ఆనించింది. పనికి పోతున్న పోలండ్ అతనొకడు, పేరేమిటో ఈనాటికీ తెలియదు, అడక్కుండానే వచ్చి నాలుగోవాడయ్యాడు. మా రోడ్డు కొండ వైపు నుంచి పల్లానికి దిగుతుంది. ఒకటి, రెండు, మూడు. క్లచ్ మీంచి కాలు తీశాను. ఢామ్మని పేలి, కందిరీగల రొద మొదలైంది. తెల్లటి పొగ బయల్దేరి మొదటి అంతస్తు దాకా, కాదు, నా మాట నమ్మేవాళ్ళకు నాలుగో అంతస్తు దాకా కమ్మింది. పొగలోంచి దగ్గుతూ బావగారు పరుగెత్తుకొచ్చి, కదులుతున్న బండిలోకి దూకారు.

దారంతా నా కళ్ళు మూడింటి మీదే తిరిగాయి: రోడ్డు, గడియారం, పెట్రోలు ముల్లు. బంకులో ఆగితే ఇంజను ఆపాలి, ఆపితే లేస్తుందో లేదో. కాబట్టి ఆగలేదు. కిల్కెన్నీ దాటాక ముల్లు కింద పడుకుంది, దీపం వెలిగింది. అక్కణ్ణుంచి ఏ పల్లం వచ్చినా నేను దేవుడికి దణ్ణం పెట్టాను, ఏ మిట్ట వచ్చినా బావగారు పెట్టారు. పదకొండుకు ఆరు నిమిషాలుండగా ఆసుపత్రి వాకిట్లో దింపాను. ఆ తరువాత కూడా, వేడి ముల్లు ఎప్పుడో మధ్యకొచ్చినా, ఆపడానికి ధైర్యం చాలక, కార్ పార్కులో గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాను. పెట్రోలు అయిపోయి అదే ఆగింది.

లోపల జరిగింది బావగారు తరువాత చెప్పారు. ఎదురుగా నలుగురు. నాలుక మళ్ళీ అంగిట్లో అతుక్కుందట. మధ్యలో కూర్చున్న పెద్దావిడ చేయి కలిపి, తన అరచేయి చూసుకుంటే పసుపు. మా ఆవిడ బండి వెనక రాసింది. రావడానికేమైనా ఇబ్బందైందా అని ఆవిడ మాటవరసకు అడిగితే, ఆ పసుపు చేతుల్ని దాచుకోవడానికి చోటే దొరకలేదు ఆయనకు. నిమ్మకాయలతో మొదలుపెట్టి మొత్తం చెప్పేశారట. నలుగురూ నవ్వారు, ఆయనా నవ్వారు. నవ్వాక, గుండె జబ్బు గురించి అడిగారు. అది ఆయనకు ఎప్పుడూ వచ్చు. గురువారం ఫోనొచ్చింది. ఆ రాత్రి ఆయన బట్టలు ప్రెస్‌లో పెట్టుకున్నారు.

ఆ బండిని వేసవికల్లా అమ్మేశాను. ఇప్పుడు నాది బ్యాటరీ కారు. నొక్కితే కదులుతుంది, దానికి పిస్టన్లు లేవన్న సంగతి కూడా ఎవరికీ అక్కర్లేదు. మేం సొంత ఇల్లు కొనుక్కుని ఈ వీధికి వచ్చి పదకొండేళ్ళయింది. ఉత్తరాలంటే భయం లేదు, గార్డులంటే భయం లేదు. ఎదురింటివాళ్ళ పేర్లు, పార్సిళ్ళ మీద చదివినవి, రెండు మూడు తెలుసు.

ఈ చలికాలం, ఒక పొద్దున, వీధి చివర కొత్తగా దిగిన జంట కారు స్టార్ట్ కాలేదు. ఆ అబ్బాయి తాళం తిప్పుతున్నాడు, పక్కన ఆ అమ్మాయి ఒళ్ళో ఏదో ఫైలు పట్టుకుని గడియారం చూసుకుంటోంది. నేను కిటికీ దగ్గర కాఫీ తాగుతున్నాను. చెప్పులేసుకుని వెళ్దామనుకునేలోపే వాళ్ళు ఫోను చేయడం, బండ్లు బాగుచేసే పసుపు దీపాల వ్యాను రావడం అయిపోయిందని ఆ సాయంత్రం బావగారికి ఫోనులో చెప్పాను. అది అబద్ధం. వ్యాను రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ నా చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి.