తలుపు వెనక మనిషి

హైతీ నుంచి నసావు నగరానికి వచ్చి తొమ్మిదేళ్ళయినా ఫిలోమెన్‌కు ఇంగ్లీషులోని చిన్న మాటలంటే భయం పోలేదు. లోపల, మీద, వెనక అని చెప్పే మాటలు ఏ పేరుకు ముందు పెట్టాలో ఆమెకు ఎప్పుడూ తికమకే. తారుమారైతే తలుపు వెనక మనిషి కాస్తా మనిషి వెనక తలుపు అయిపోతుంది. అందుకే తాను కనిపెట్టుకుని ఉండే ముసలామె మిస్ యూలాకు జావ కలుపుతూ కూడా వాటినే గొణుక్కునేది. మాత్ర తిండికి ముందో తరవాతో మూడుసార్లు అడిగేది. "నీకవి వచ్చేలోపు నేను పోతానే," అని మిస్ యూలా నవ్వేది.

ఆ మంగళవారం పొద్దున స్నానాలగదిలో దభీమని చప్పుడైంది. లోపలికి తెరుచుకునే తలుపు అరంగుళం కదిలి ఆగిపోయింది. పడిపోయిన ముసలామె దానికే ఆనుకుని ఉంది. ఫిలోమెన్ కేకలకు పక్కింటి కెర్విన్ పరుగెత్తుకొచ్చి, గొళ్ళెం పడిందనుకుని, తన్నడానికి కాలెత్తాడు. "ఆగయ్యా! ఆమె... తలుపు... ఆమె..." ఫిలోమెన్‌కు ఏ మాట ముందు రావాలో తోచలేదు. తప్పు చెబితే ముసలామె తల పగులుతుంది. "ఎక్కడుందో సరిగ్గా చెప్పమ్మా!" అని కెర్విన్ అరిచాడు. ఆమె అతన్ని పక్కకు తోసి, తలుపుకు వీపు ఆనించి, నేల మీదికి జారి, తల చెక్కకు తాకించి చూపింది. కెర్విన్ కాలు దించాడు. "కిటికీ," అన్నాడు మెల్లగా. లోపలి నుంచి నీరసంగా మిస్ యూలా గొంతు వినిపించింది. "ఏమే, ఆ మగాణ్ణి ముందు రానివ్వకు. నా ఒంటి మీద నూలుపోగు లేదు." ఫిలోమెన్ తువ్వాలు భుజాన వేసుకుని కిటికీలోంచి లోపలికి దిగింది.