ముందు గది పన్ను

కిరండూల్ నుంచి విశాఖ వెళ్ళే ఇనుపరాయి గూడ్సు అయినా ఎక్కడో ఓచోట ఆగుతుందిగానీ, మా అత్తగారు నూకమ్మ మాట్లాడటం మొదలెడితే ఆగదు. అలాంటి మనిషి ఒకే ఒక్క పేరు నోట పలకదు. అది పలకనందుకే మా ఇంటికి రెట్టింపు పన్ను పడింది.

నేను ఆవిడ కోడల్ని, స్వర్ణకుమారిని. బొబ్బిలి దగ్గర పుట్టి, పెళ్ళయ్యాక ఈ బస్తర్‌కి వచ్చాను. మామగారు ఎర్రన్న రైలుపట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేశాడు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో గీదం దగ్గర ఓ చిన్న పట్టణంలో ఇల్లు కట్టి, కొడుకు శ్యామ్‌ప్రసాద్ పేరున పెట్టి, ఆ ఇంట్లో పట్టుమని రెండేళ్ళు ఉండకుండానే పోయాడు. ఊరి పేరు చెప్పను. ఆ ఆఫీసుతో మాకు రేపు మళ్ళీ పనిబడుతుంది.

మా ఇంటి ముందు గదిలో బుధ్రి ఉంటుంది. హల్బా తెగ మనిషి. భర్త పోయి, ఉన్న ఒక్క కూతురు మంగ్లీ అత్తారింటికి వెళ్ళిపోయాక, మా అత్తగారే వెళ్ళి వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళిద్దరూ పడుచుతనంలో జగదల్‌పూర్‌లో రథయాత్రకి జరిగే గోంచా పండక్కి వెళ్ళి, జగన్నాథుడికి పెట్టిన మొలకపెసలూ పనసతొనలూ ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని గజామూంగ్ అయ్యారు. ఇక్కడ అదొక చుట్టరికం. రక్తసంబంధం లేకపోయినా పెళ్ళికీ చావుకీ ఇంటిమనుషులే. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు, 'గజామూంగ్' అనే పిలుచుకోవాలి. మా వైపు వెనకటి ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పేవాళ్ళు కాదు చూడండి, అలాంటిదే. మా అత్తగారు మొగుడి పేరు తిట్టడానికైనా తలిచేదిగానీ, బుధ్రి పేరు నిద్రలో కూడా పలికి ఎరగదు.

మూడేళ్ళ క్రితం పన్నుల కోసం ఇళ్ళన్నీ కొత్తగా కొలిచారు. ఎక్కడో దూరప్రాంతం కంపెనీకి ఆ పని ఇచ్చారు. కొలిచే మనిషి మా వీధికి వచ్చిన రోజున నేను పిల్లల్ని తీసుకుని దంతేవాడ వెళ్ళాను. బుధ్రి సంతకి వెళ్ళింది. ఇంట్లో అత్తగారొక్కతే.

అతను ముందు గదికి వేరే వాకిలి ఉండటం చూసి, ఇందులో ఎవరుంటారని హిందీలో అడిగాడట. అత్తగారి హిందీకి విజయనగరం యాస తగ్గదు.

"నా గజామూంగ్ ఉంటాది."

"పేరేంటి?"

"పేరు నాను సెప్పను."

"ఎందుకు చెప్పరు?"

"సెప్పకూడదు నాయనా. సంతనుంచి వచ్చీవరకూ కూకో, దాన్నే అడుగు."

కూర్చోవడానికి అతనికి తీరిక లేదు. మూలనున్న బియ్యం బస్తాలు చూసి, ఇవెవరివన్నాడు. బుధ్రికి వాళ్ళ ఊళ్ళో భర్త వాటా పొలం ఉంది. మరుదులు చేస్తారు. కోతలయ్యాక తన వంతు బియ్యం తెచ్చి మా ఇంట్లోనే పోస్తుంది. "అదే తెస్తాది యేటా" అని ఈవిడ ఉన్నమాట చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అతనికి అర్థమైంది ఒకటే: ఇల్లు అద్దెకిచ్చారు, అద్దె బియ్యంగా తీసుకుంటున్నారు, పన్ను ఎగ్గొట్టడానికి పేరు దాస్తున్నారు.

పన్ను కాగితం వచ్చింది. మా ఆయన గూడ్సు బండి నడుపుతాడు, ఇంట్లో ఉండేదే తక్కువ. ఏ స్టేషన్లోనో సిగ్నల్ కోసం ఆగినప్పుడు ఫోన్లోనే కట్టేశాడు. అలా మూడేళ్ళు కట్టాం. మొన్న చలికాలంలో ఎదురింటి సుమిత్ర మాటల్లో తన పన్నెంతో చెప్పింది. ఆమె ఇల్లూ మా ఇల్లూ ఒక్కలాంటివే. మాకు రెట్టింపు. నాకు ఒళ్ళు మండిపోయి ఆఫీసుకి వెళ్ళి నిలదీశాను. యజమాని తానే ఉంటే ఇంటి విలువలో సగం తగ్గించి పన్ను వేస్తారట. మాకు ఆ తగ్గింపు లేదు. మా ఇంటి కాగితంలో ముందు గది దగ్గర హిందీలో ఇలా ఉంది: 'కిరాయిదారు. పేరు చెప్పలేదు.'

ఆ నకలు పట్టుకొచ్చి వరండాలో నిలబడి అత్తగారికి గట్టిగా చదివి వినిపించాను. బుధ్రి అక్కడే చింతపండు గింజ తీస్తోంది. కిరాయిదారు అన్న మాట ఆమెకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆమె చేయి ఆగిపోయింది.

పోట్లాడితే బాగుండేది. ఆమె పోట్లాడే మనిషి కాదు. మర్నాటి నుంచి పొద్దుటి టీకి మా వంటింట్లోకి రావడం మానేసింది. వరండాలో కూర్చుని, పిలిస్తే, తాగానంటుంది. రెండు రోజులు పోయాక సుమిత్ర చెబితే తెలిసింది, బుధ్రి పల్లెలో ఉన్న తన తమ్ముడు మంగల్‌కి కబురు పెట్టిందని. ఆదివారం ట్రాక్టర్ తీసుకొచ్చి సామాన్లు పట్టుకెళ్ళమందిట.

అత్తగారు వెళ్ళి ఆమె గుమ్మంలో చతికిలబడింది.

"నాను అనలేదు గజామూంగ్. నీ పేరు సెప్పలేదు, అంతే గదా! నీ పేరు ఎలాగ సెప్తాను?"

బుధ్రి తెలుగు, హల్బీ, హిందీ మూడూ కలిపి మాట్లాడుతుంది. "నువ్వు అనలేదు, నాకు తెలుసు. కానీ సర్కారు కాగజ్‌లో పడింది. రేపు నువ్వూ నేనూ మంచాన పడతాం. అప్పుడు పిల్లలు కాగజ్ చూస్తారు. కిరాయిదారుని ఎప్పుడైనా ఖాళీ చెయ్యమనొచ్చు. ముందే పోతే ఇజ్జత్ ఉంటుంది."

పిల్లలంటే ఎవరు? నేనే గదా. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. రోషం కూడా వచ్చింది. ఇన్నాళ్ళు ఒకే ఇంట్లో ఉండి, నేను ఆమెని వీధిలోకి నెడతానని ఎలా అనుకుంది! అయితే నెట్టనని నేనూ ఎన్నడూ చెప్పలేదు. ఇలాంటివి ఎవరు మాత్రం చెప్పుకుంటారు.

మా ఆయనతో ఫోన్లో మాట్లాడి, ఇంటి విలువ తప్పుగా కట్టారు, ఎక్కువ కట్టిన సొమ్ము వెనక్కి ఇవ్వాలి అని అర్జీ పెట్టాను. నా ధ్యాసంతా సొమ్ము మీదే. అత్తగారికి సొమ్ము పట్టలేదు. "పైసలు ఇత్తే ఇవ్వనీ, నేపోతే మాననీ. ఆ మాట కొట్టీమను. ఆదివారం లోపల కొట్టీమను" అని నా వెంటపడింది.

శుక్రవారం పిలిచారు. అత్తగారు పెట్టె అడుగునుంచి మంచి చీర తీసి కట్టుకుంది. బుధ్రి రానంది. విచారణకి ఆమె కూడా ఉండాలని నేను బతిమాలితే, చివరికి ఆటోలో అటు చివర కూర్చుంది.

పన్నుల సాబ్ నడివయసు మనిషి, మర్యాదస్తుడు. మాకు కుర్చీలు వేయించాడు. గజామూంగ్ అనగానే అతనికి అర్థమైంది, అతను ఈ జిల్లావాడే. కానీ నిట్టూర్చాడు.

"అమ్మా, మనకి తెలుసు. కంప్యూటర్‌కి తెలీదు గదా. ఇంట్లో యజమానీ అతని కుటుంబమూ ఉన్నట్టయితేనే సగం తగ్గింపు. కుటుంబమంటే ఇక్కడ తండ్రి, తల్లి, భార్య, పిల్లలు. గజామూంగ్ అన్న గడి లేదు." అతనే ఓ దారీ చూపించాడు. "ఇంట్లో ఉండే పనిమనిషి అని రాస్తే సరిపోతుంది. పనిమనిషి ఉంటే అది అద్దె కింద రాదు. ఇవాళే తప్పు దిద్దేస్తాను, మూడేళ్ళ సొమ్మూ వెనక్కి వస్తుంది. ఎవరు చూడొచ్చారు?"

నాకు ప్రాణం లేచొచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఆ కాగితం మేం తెచ్చి ఏ బీరువాలోనో పెడతాం. నేను అత్తగారి మోచెయ్యి గిల్లాను.

బుధ్రి తలవంచుకునే అంది: "రాసుకో సాబ్. పని నేను చేస్తూనే ఉంటాను గదా."

అత్తగారు కుర్చీలోంచి లేచింది.

"నానొప్పుకోను" అంది. తరవాత ఆ విజయనగరం హిందీలో మొదలెట్టింది. 

"బాబూ, ఈ ఇల్లు నా కొడుకుది. ఆడు పుట్టినప్పుడు నాకు జొరం తగిలి పాలు యెండిపోనాయి. అడివి మజ్జిన చిన్న టేసను, పక్కన రెండు కోటర్లు. ఆవు పాలు పోత్తే కక్కీసీవాడు. మా ఇంటాయన పట్టా ఎంబడి దీని ఊరికి పరుగెట్టినాడు. ఇది సంకలో కూతుర్ని ఏసుకుని వచ్చీసింది. దాని కూతురికి ఓ పక్క, నా కొడుక్కి ఓ పక్క. వానలు ఎలిసీదాకా మా కోటర్‌లోనే ఉండిపోయింది. అక్కడ దాని మొగుడు యేటి తిన్నాడో, వరినాట్లు ఎవరు యేసినారో నాను అడగనేదు, అది సెప్పనేదు. నాను పనిమనిషి అని రాయించీమంటావా దీన్ని? ఏ నోటితో రాయించమంటావు?"

ఈ సంగతి నాకు కొంచెమే తెలుసు. మా ఆయన ఆమెని 'ఫూల్‌దాయి' అంటాడు. గజామూంగ్ అయినవాళ్ళ పిల్లలు అలా పిలుస్తారు, దాయి అంటే తల్లి. ఏదో వరసకి అంటున్నాడనుకున్నాను. పాలు తాగాడని నాతో ఒక్కసారీ అనలేదు. మగవాళ్ళకి చెప్పాల్సినవేవో ఎప్పుడు తెలుస్తుంది గనక.

సాబ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే తల్లి అన్నచోట రాయొచ్చు" అన్నాడు మెల్లిగా. "కానీ అక్కడ ఒక్క పేరే పడుతుంది. అక్కడ మీ పేరుంది."

"తీసీ" అంది అత్తగారు.

"అదెలాగమ్మా?"

"నా పేరు తీసీసి దాని పేరు ఎట్టు. నన్ను ఆ పనిమనిషిగా రాసుకో. నన్ను ఆ ఇంట్లోంచి లెగమనీవోడు ఎవడూ లేడు. నాకు కాయితం ఎందుకు? దానికి కావాలి."

నేను కోడల్ని. అత్తల మీద కోడళ్ళకుండే ఫిర్యాదులు నాకూ బోలెడున్నాయి, రేపు కూడా ఉంటాయి. కానీ ఆ క్షణాన నాకు ఏడుపు ఆగలేదు. కన్న తల్లి అన్న మాటని అలా తీసి పక్కింటికి కూర ఇచ్చినట్టు ఇచ్చేస్తుంటే ఎవరికైనా ఏడుపు రాదా? బుధ్రి మాత్రం ఏడవలేదు. మా అత్తగారి చెయ్యి పట్టుకుని బలంగా కుర్చీలోకి లాగింది. "పిచ్చిదానా, కూర్చో. పిల్లాణ్ణి ఊరికే ఇచ్చేస్తారా ఎవరైనా?" అని హల్బీలో కసిరింది. ఆ రోజు గుమ్మంలో మాట్లాడుకున్నాక ఆమె మా అత్తగారితో అన్న మొదటి మాట అదే.

 సాబ్ కంప్యూటర్ పక్కకి జరిపి తెల్లకాగితం తీశాడు. విచారణ తీర్పు చేత్తో రాసే అధికారం అతనికి ఉందట, గుమాస్తా తర్వాత ఎలాగో ఎక్కించుకుంటాడట. రాసింది నాకు చదివి వినిపించాడు. 'ఇంటి యజమాని భార్యాపిల్లలతోనూ, తన ఇద్దరు తల్లులతోనూ నివసిస్తున్నాడు. కిరాయిదారులు ఎవరూ లేరు. ఎక్కువ కట్టిన పన్ను వెనక్కి ఇవ్వదగును.' రెండో తల్లి పేరు కావాలన్నాడు. అత్తగారు చటుక్కున కిటికీ వైపు తిరిగింది. బుధ్రి అని నేనే చెప్పాను.

సొమ్ము చేతికి రాలేదు. వచ్చే సంవత్సరాల పన్నులో సర్దుతారట. మా ఆయన అది విని, పోనీలే, కొన్నాళ్ళపాటు ఆ ఆఫీసు గడప ఎక్కక్కర్లేదన్నాడు. నేను పాల సంగతి ఎందుకు చెప్పలేదని నిలదీశాను. "ఫూల్‌దాయి అని పిలుస్తూనే ఉన్నాను గదా, ఇంకేం చెప్పాలి?" అన్నాడు. నిజమే, అతని వైపు నుంచి చూస్తే చెప్పాల్సిందేమీ లేదు. వినాల్సిన నేనే దాన్ని ఉత్త పిలుపనుకున్నాను.

ఆఫీసు నుంచి వచ్చినప్పటి నుంచీ బుధ్రి వెళ్తాననీ అనలేదు, ఉంటాననీ అనలేదు. అడగడానికి మా ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. శనివారమంతా అత్తగారు మాట్లాడకుండా గడిపింది. ఆవిడ మౌనం ఎలా ఉంటుందో పెళ్ళయ్యాక మొదటిసారి చూశాను.

ఆదివారం పొద్దున్నే మంగల్ ట్రాక్టర్ వచ్చి మా వాకిట్లో ఆగింది. తాళ్ళూ, పాత గోనెలూ కూడా తెచ్చుకున్నాడు. అత్తగారు వంటింట్లోంచి బయటికి రాలేదు. నేనే గుమ్మంలో నిలబడ్డాను. బుధ్రి వరండాలోకి వచ్చి తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, కాళ్ళు కడుక్కోమంది, అన్నం తిని వెళ్ళమంది.

"మరి సామాన్లు?" అన్నాడతను.

"ఏం సామాన్లు?" అంది బుధ్రి. "కొడుకు ఇల్లు వదిలేసి ఏ తల్లయినా తమ్ముడింట్లో ఉంటుందా?"