చప్పట్లు కొట్టని మా ఊరు

మొన్న ఆదివారం సాయంత్రం ఏలూరులో మా ఇంట్లో నేనూ మా మేనత్తా టీవీలో ఏటా వచ్చే పాటల అవార్డుల పండగ చూస్తూ కూర్చున్నాం. వేదిక మీద ఒకమ్మాయి చాలా బాగా పాడుతోంది. చివరి స్వరం ఇంకా ఆ పిల్ల గొంతులో ఉండగానే హాలంతా చప్పట్లతో మోగిపోయింది. "పూర్తవనివ్వరేంటే వీళ్ళు!" అంది అత్త విసుగ్గా. ఆ మాటకి నాకు తాడేపల్లిగూడెం గుర్తొచ్చింది.

ఫోన్లలో ఓట్లు అడుక్కునే పద్ధతి ఇంకా మన దాకా రాని రోజులు నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటాయి. అప్పట్లో గూడెం వర్తకులు నడిపే ఒక కళాసంఘం ఏటా డిసెంబరు మొదట్లో పాటలకీ నాటికలకీ మిమిక్రీకీ బహుమతులిచ్చేది. మిగతావన్నీ న్యాయనిర్ణేతలు తేల్చేవారు గానీ ఆఖరి షీల్డు మాత్రం జనానిదే. ఎవరికి చప్పట్లు ఎక్కువసేపు మోగితే అది వాళ్ళది. ఏ ఊరి కళాకారుడికి ఆ ఊరివాళ్ళే చప్పట్లు మొదలుపెట్టాలి, మిగతావాళ్ళు మర్యాదకి కలుస్తారు. అందుకని ప్రతివాళ్ళూ తమ జనాన్ని వ్యాన్ల నిండా తెచ్చుకునేవారు.

గుండుగొలను దాటి కొల్లేటి వైపు దిగితే మా ఊరు. దొరలు కట్టించిన చర్చిలో అత్త పెళ్ళికాని రోజుల నుంచీ హార్మోనియం ముందు కూర్చుని పాటలు నడిపించేది. ఆ ఏడు మా సంఘపెద్దగారికి క్రిస్మస్‌కి ఏలూరు నుంచి ఆర్కెస్ట్రా తెప్పించాలని బుద్ధి పుట్టింది. ఈ పాత వరసలకి కుర్రాళ్ళు కునికిపాట్లు పడుతున్నారని ఆయన బాధ. చెడ్డమనిషి కాదు గనక, గూడెం షీల్డు తెస్తే ఈ క్రిస్మస్ కూడా అత్తదేనన్నారు. అప్పుడే గూడెంలో ఒక చిన్న బడిలో టీచరుగా చేరిన నేను, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళి ఆవిడ పేరు ఇచ్చి వచ్చాను. నా అంతట నేను చేసిన మొదటి సాహసం అదే. ఏదున్నా డైరీలో రాసుకోవడమే గానీ, స్టాఫ్ రూములో మంచినీళ్ళు అడగడానికి కూడా మొహమాటపడే రకాన్ని నేను.

పోటీ సాయంత్రం సంఘపెద్దగారితో సహా మా ఊరివాళ్ళూ ఒక వ్యాను నిండా వచ్చారు. అత్త కంటే ముందు పెంటపాడు మిమిక్రీ ఆయన కోళ్ళ దగ్గర నుంచి డొక్కు బస్సు దాకా అన్నిటినీ పలికించి హాలుని ఊపేశాడు. తరవాత అత్త తలమీద కొంగు కప్పుకుని, కళ్ళు మూసుకుని, గాలివానలో చిక్కిన పడవ పాట అందుకుంది. కొల్లేట్లో దోనె తోసుకుంటూ బతికినవాళ్ళకి ఆ పాట ఒంటికి తగులుతుంది. పాట ముగియగానే మా ఊరివాళ్ళంతా చర్చిలో చేసినట్టే తలలు వంచి, పెదవులు కదిలీ కదలనట్టు "ఆమేన్" అన్నారు. అంతే, ఒక్క చెయ్యీ లేవలేదు. మావాళ్ళు మొదలుపెడతారని మిగతా హాలు ఎదురుచూస్తోంది. అలాంటి పాటకి చప్పట్లు కొట్టడమన్నది మావాళ్ళ ఊహలోకే రాలేదు.

యాంకర్ మైకు తీసుకుని, "ఏవండీ, వ్యానేసుకుని వచ్చి చేతులు ఇంట్లో మర్చిపోయారా?" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. అత్త వేళ్ళు ఇంకా హార్మోనియం మెట్ల మీదే ఉన్నాయి.

నేను లేచి నిలబడ్డాను. "మావాళ్ళు పాటయ్యాక చప్పట్లు కొట్టరండీ, ఆమేన్ అంటారు. ఇందాక అన్నారండీ, మీకే వినపడలేదు," అన్నాను. నా గొంతు అంత దూరం వెళ్తుందని నాకే తెలియదు.

"అయితే ఇంకోసారి గట్టిగా అనిపించమ్మా!" అన్నాడతను.

నా పక్కనే కూర్చున్న మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, ఊరుకుంటుందా! "పాటైపోయింది గదా బాబూ! వడ్డించకుండా తినమంటే ఎలాగండీ? ఇంకో చరణం పాడించండి, అంటాం," అంది. హాలు మళ్ళీ నవ్వింది గానీ, ఈసారి మా వైపు చేరి నవ్వింది.

అత్త చివరి చరణం మళ్ళీ పాడింది. పాట ఆగాక చిన్న నిశ్శబ్దం, ఆ వెంటనే ఆమేన్. అన్నిటికంటే ముందు వినిపించిన గొంతు సంఘపెద్దగారిది. ఒళ్ళో కండువా, మూసిన కళ్ళు, ఆర్కెస్ట్రా సంగతే గుర్తున్నట్టు లేదు. కాసేపాగి మిగతా హాలు చప్పట్లు కొట్టింది, పెంటపాడు వాళ్ళతో సహా.

షీల్డు మాత్రం మిమిక్రీ ఆయనకే ఇచ్చారు. రెండోసారి పాడింది లెక్కలోకి రాదన్నారు వర్తకులు, అదీ న్యాయమే. తిరుగు ప్రయాణంలో వ్యాను గుండుగొలను మలుపు దాటింది. అప్పుడు సంఘపెద్దగారు వెనక్కి తిరిగి, "ఏలూరు వాళ్ళని వద్దంటాలే అమ్మాయ్. క్రిస్మస్‌కి మీ అత్తే పాడుద్ది," అన్నారు.

"మరి షీల్డో?" అంది అత్త, గొంతులో కాస్త పుల్లవిరుపుతో.

"షీల్డు పాడుద్దా ఏంటమ్మా!" అన్నారాయన.

ఆ క్రిస్మస్సే కాదు, ఆ తరవాత చాలా క్రిస్మస్‌లు అత్తే పాడింది. ఇప్పుడు బడి ప్రార్థన వేళ పిల్లలందరి ముందూ మైకు పట్టుకుని తడబడకుండా మాట్లాడతాను. ఆ ధైర్యం నాకు గూడెంలోనే దొరికిందని గట్టిగా చెప్పగలను. మా చర్చిలోకి కీబోర్డూ డ్రమ్సూ వచ్చాయి. కుర్రాళ్ళు బాగా పాడతారు, నేను కాదనను. పాట పాటకీ చప్పట్లు కొడతారు. ఒకప్పుడు పాటకీ ఆమేన్‌కీ నడుమ కిటికీలోంచి కొల్లేటి పక్షుల అరుపులు వినబడేవి. అవి ఇప్పుడూ అరుస్తూనే ఉండి ఉంటాయి.

టీవీలో ఆ పిల్లకి అవార్డు ప్రకటించారు. అత్త రిమోట్ అందుకుని చప్పట్ల మోత పూర్తిగా తగ్గించేసింది. ఇందాక చప్పట్లు మింగేసిన ఆ పిల్ల పాట ముగియడానికి కావలసినంత సేపు, ఇద్దరం ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాం.