పీరమ్మక్క దిండు మీద పెద్దాయన నిద్ర

ధర్మవరంలో మధ్యాహ్నం రైలు బాగా ఆలస్యమని తెలిసి, స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జిలో గది తీసుకున్నాను. ఆ గది ఎంత చిన్నదంటే, ఒళ్లు విరుచుకోవాలంటే ఒక చెయ్యి కిటికీలోంచి వీధిలోకి పెట్టాలి. మంచం మీద వాలి దిండులో ముఖం పెట్టానో లేదో, ముక్కుకు చింతపండు వాసన తగిలింది. పులుసు వాసన కాదు; గోడల దాకా బస్తాలు పేర్చిన గోడౌన్‌లో ఏళ్ల తరబడి ఊరిన వాసన. గబుక్కున లేచి కూర్చుని, దిండును అరచేత్తో ఒక్కటి చరిచాను. చప్పున అణిగిపోలేదు, టప్పున ఎదురు తిరగలేదు. 'దుమ్' అని లోపలికి పోయి, నిదానంగా పైకి వచ్చింది. ఇది పీరమ్మక్క దిండే. నీళ్ల సీసా తెచ్చిన లాడ్జి గుమస్తా, దిండును కొడుతున్న నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "మా కాడ నల్లులు లేవు సార్," అన్నాడు నొచ్చుకుని. "పనుకోండి. రైలు టైముకు నేను లేపుతాలే."

పీరమ్మక్కను మీరు చూసి ఉండరు కాబట్టి కొలతలు చెప్పాలి. మనిషి నా భుజం దాకా కూడా రాదు. గొంతు మాత్రం పెనుకొండ కొండంత. దిండ్లు కుట్టే షెడ్డులో ఆమె "ఏయ్" అంటే కోట మీద మేస్తున్న మేకలు తమనేమోనని తలెత్తేవి. ఆమె నాయన భుజాన విల్లు వేసుకుని, చెన్నేకొత్తపల్లి నుంచి గుడిబండ దాకా ఇల్లిల్లూ తిరిగి పరుపుల దూది ఏకినవాడు. ఆ విల్లు పోయి మిషన్ వచ్చింది. మిషన్ చుట్టూ పెనుకొండ హైవే పక్కన ఒక అద్దె షెడ్డు వచ్చింది, షెడ్డు నిండా నలభై మంది ఆడవాళ్లు వచ్చారు, వాళ్లందరి మధ్య ఉత్తరాలు రాయడానికి నేనొచ్చాను. బోర్డు మీద నన్ను మేనేజర్ అని రాయించింది గానీ, పిలవడం మాత్రం "ఏమప్పా రైటరూ" అనే.

చేరిన రోజునే నా ఒళ్లో ఒక దిండు పడేసి "కొట్టప్పా" అంది. మర్యాదగా తట్టాను. "చంటిబిడ్డను జోకొడతాండావా? కొట్టు!" కొట్టాను. "ఇన్నావా? ఎక్కువ కుక్కితే రాయి, తక్కువ కుక్కితే గుడ్డ. లోపల రవ్వంత చోటుండల్ల. తల పోయి కూకునేది ఆ చోట్లోనే." నేను చదివిన డిగ్రీలో ఇంత పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. అయినా అప్పటికి నాకు ఎక్కలేదు.

ఆ ఏడు షెడ్డు యజమాని షెడ్డు అమ్మేస్తానన్నాడు. గ్రానైటు వ్యాపారి ఒకాయన అప్పటికే వచ్చి గోడలు తట్టి చూసి పోయాడు. ఎండాకాలం దాటేలోగా అక్క కొనుక్కుంటే సరి, లేదంటే ఖాళీ చేయాలి. బ్యాంకు మేనేజరేమో, దిండ్ల కంపెనీ పెరుగుతుందని పైవాళ్లను నమ్మించేదెలా అంటూ పెన్ను మూత తీసేవాడు, పెట్టేవాడు. ఎదుగుతున్న ప్రైవేటు కంపెనీలకు ఏటా ఒక అవార్డు ఇస్తారనీ, అది వస్తే ఫైలు కదిలిస్తాననీ చెప్పింది ఆయనే. అవార్డు వస్తే షెడ్డు, రాకపోతే రోడ్డు. ఆ మాట తెలిశాక నలభై కుట్టు మిషన్ల మధ్య కబుర్లు ఆగిపోయాయి. దారాలు తెగే చప్పుడు కూడా వినిపించేది.

దరఖాస్తు నేనే రాశాను. దక్షిణ భారతదేశం మా భుజాల మీద తల పెట్టి నిద్రపోతున్నదని మొదలుపెట్టి, మేము గనక ఒక రోజు మానేస్తే అయిదు రాష్ట్రాలకు కళ్లు మంటలని ముగించాను. చదివి వినిపిస్తే అక్క కళ్లు మూసుకుని వింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఏమప్పా, ఇంత కుక్కినావు? చదివేటోళ్ల మెడలు పట్టుకుపోతాయి. తియ్యి, తియ్యి."

తీయగా తీయగా రెండు పేజీలు మిగిలాయి. దానికే, జడ్జీలు వచ్చి చూస్తారని కబురొచ్చింది. ఇద్దరు జడ్జీలు పొద్దున హిందూపురంలో ఒక కంపెనీ చూసుకుని, మధ్యాహ్నం మా దగ్గరికి వచ్చి, సాయంత్రానికల్లా ధర్మవరంలో పట్టుచీరల కంపెనీకి పోవాలి. ఆ ముందు రోజంతా నేను ఏదో సర్టిఫికెట్ కోసం పుట్టపర్తి ఆఫీసులో కూర్చున్నాను. మా కొంప మునిగింది ఆ రోజే.

తెల్లారి షెడ్డుకు వస్తే అక్కడ కంపెనీ లేదు, పెళ్లి ఉంది. షామియానా, రంగు బల్బులు, వాకిట్లో ముగ్గు. నలభై మంది ఆడవాళ్లూ ధర్మవరం పట్టుచీరల్లో, తలకు మూరలకొద్దీ కనకాంబరాలతో నిలబడి ఉన్నారు. దూదేకే మిషన్‌ను కడిగి, బెల్టులు విప్పి, పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల మాల వేశారు. మిషన్ చూసుకునే రామాంజి సెలవు దొరికింది కదా అని గుడిబండలో అత్తగారింటికి పోయాడు.

"అక్కా, పని నిలిపినావెందుకు?"

"ఇంటికి పెద్దోళ్లు వస్తాంటే మొగం మీద దుమ్ము కొట్టేది మర్యాదేనా?"

"వాళ్లు వచ్చేదే ఆ దుమ్ము చూసేదానికక్కా!"

పీరమ్మక్క గిరుక్కున తిరిగి, విప్పి పెట్టిన బెల్టుల వైపు చూసింది. అంతలోనే వాకిట్లో కారు ఆగింది.

దిగింది రిటైరైన పెద్దాఫీసరు ఒకాయన, కాలేజీలో వ్యాపారం పాఠాలు చెప్పే మేడమ్ ఒకామె. "ముందు మిషన్ చూస్తాం," అన్నాడు పెద్దాయన. "ముందు చెయ్యి కడుక్కోండి సార్," అంది అక్క. మటన్ పలావు వచ్చింది, వెనకాల ఓళిగలు వచ్చాయి, వాటి మీద నెయ్యి చిత్రావతి వరదలా వచ్చింది. వద్దు వద్దంటూనే పెద్దాయన అన్నీ ఒప్పుకున్నాడు. తరవాత అయిదు నిమిషాలు కూర్చుంటానని, శాంపిల్ మంచం మీద దిండుకు చేరగిలబడ్డాడు. అంతే. ఎదురు కుర్చీలో మేడమ్ ఇంకాసేపు పోరాడి, పెన్ను చేతిలో ఉండగానే దిండును కౌగిలించుకుని తల వాల్చేసింది.

గోడ గడియారం చూశాను. వీళ్లు ఆలస్యంగా లేస్తే ధర్మవరం పని చెడుతుంది, ఆ కోపమంతా మా మార్కుల మీద పడుతుంది, షెడ్డు గ్రానైటుకు పోతుంది. పెద్దాయన భుజం మీద చెయ్యి వేయబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"లేపద్దప్పా."

"లేపకుంటే చెడిపోతామక్కా!"

"దిండు చేసిచ్చి, దాని మీద పనుకున్నోళ్లను మేమే లేపితే ఇంగ ఆ దిండు ఎందుకప్పా? మా నాయన ఎవురినీ లేపలేదు." గొంతు దించి మాట్లాడటం ఆమెకు రాదు, ఆ గుసగుసకే కిటికీ రెక్క కదిలింది. తరవాత మిషన్ వైపు చూసింది. "ఆయప్ప లేచేలోగా బెల్టులు ఎక్కించల్ల. రాండమ్మా."

పట్టుచీరల కొంగులు నడుముకు బిగిశాయి. పానాలు చప్పుడు చేయకుండా వాటికి దూది చుట్టారు. ఒకరి గాజులు గలగలమంటే ఇంకొకరు అదిమి పట్టారు. నలభై మంది ఆడవాళ్లు ఒక మాట లేకుండా పనిచేయడం లోకంలో ఎక్కడా జరిగి ఉండదు. ఆ నిశ్శబ్దానికి నాకు చెవులు నొప్పి పుట్టాయి. బెల్టులు ఎక్కాయి. కానీ సరిగ్గా కూర్చున్నాయో లేదో తెలియాలంటే మిషన్ వేసి చూడాలి, వేస్తే వాళ్లు లేస్తారు. "లేచినంకనే ఏస్తాం," అంది అక్క, చేతుల గ్రీజు పట్టుచీరకే తుడుచుకుంటూ.

ఎండ వాకిలి దాటి షామియానా కిందికి వచ్చాక పెద్దాయన కళ్లు తెరిచాడు. చేతి గడియారం చూసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. "ఇంతసేపా? ఏమమ్మా, లేపాలని తెలీదా మీకు?"

అక్క చేతులు కట్టుకుని నిలబడింది. "దిండ్లు అమ్ముకుని బతికేదాన్ని సార్. పనుకున్నోళ్లను లేపే పని నాది కాదు."

మేడమ్ లేచి జుట్టు సర్దుకుంది. చివరికి పెద్దాయనే "సరే, మిషన్ వేయండి" అన్నాడు.

అక్క స్విచ్ నొక్కింది. ఏమీ లేదు. నా ప్రాణం అప్పటికే కారెక్కి ధర్మవరం పోయింది. అంతలో లోపల ఏదో మూలిగింది, బెల్టు జారింది, జారి పట్టుకుంది, మిషన్ ఒక్కసారిగా ఊపందుకుంది. ఆ కంగారులో బంతిపూల మాల తీయడం మరిచాం. మిషన్ దాన్ని లాక్కుని, దూదితో పాటు ఏకి, పసుపూ తెలుపూ కలిపి షెడ్డంతా చిమ్మింది. పెద్దాయన అప్పుడే పెళ్లి కొడుకై కూర్చున్నట్టు తల నిండా రేకులతో నిలబడ్డాడు. మేడమ్ తుమ్ముతూనే ఏదో రాసుకుంది. పెద్దాయన రేకులు దులుపుకోకుండానే కారెక్కాడు.

అవార్డు ధర్మవరం కంపెనీకి పోయింది. జడ్జీలు ఎంత ఆలస్యంగా పోయినా అక్కడ మగ్గాలు ఆడుతూనే ఉన్నాయట. మా బ్యాంకాయన పెన్ను మూత గట్టిగా పెట్టేశాడు. ఎండాకాలం దాటకముందే షెడ్డు ఖాళీ చేశాం. లారీలోకి దిండ్లు ఎత్తుతూ అడగలేక అడిగాను: "ఆ రోజు లేపి ఉంటే వచ్చేదేమో కదక్కా?"

"వచ్చేదేమో," అంది. చేతిలోని దిండును ఒక్కటి చరిచి లారీలోకి విసిరింది. "లేచినంక ఆయప్ప మొగం చూసినావా? ఎన్నాళ్లకు పనుకున్న్యాడో ఏమో పాపం."

హిందూపురంలో ఖాళీగా పడి ఉన్న చింతపండు గోడౌన్ ఒకటి తక్కువ అద్దెకు దొరికింది. నలభై మందీ పెనుకొండ నుంచి పొద్దున బస్సుకు వచ్చేవారు, ఒక్కరూ మానలేదు. దూది ఆ వాసన పట్టేసింది. మొదట దుకాణాల వాళ్లు నొసలు చిట్లించారు, తరవాత ఆ వాసన లేకపోతే ఇది మీది కాదన్నారు. అక్క పోయాక కూడా ఆమె కూతురు అక్కడే నడుపుతోంది. నేను వేరే ఊళ్లో, వేరే పనిలో ఉన్నా, ఏది రాసినా చివర ఒకసారి అరచేత్తో చరిచి చూస్తాను. కుక్కడం మానలేదని మీకు తెలుస్తూనే ఉంది. కానీ ఎక్కడో రవ్వంత చోటు వదలడానికి చూస్తాను.

లాడ్జిలో మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ లేదు. దూరంగా ఏదో రైలు కూత, నాది కాదు. నాది ఎప్పుడో పోయి ఉంటుంది. చొక్కా గుండీలు పెట్టుకుంటూ కిందికి పరిగెత్తాను. గుమస్తా లేచి నిలబడ్డాడు.

"రెండు తూర్లు వచ్చినా సార్. మంచి నిద్రలో ఉంటిరి. లేపబుద్ధి కాలేదు."

తిట్టడానికి నోరు తెరిచాను. నా ముఖం కూడా ఆ పెద్దాయన ముఖంలాగే ఎర్రబడి ఉంటుంది. తిట్టు గొంతు దాకా వచ్చి, అక్కడెవరో మణికట్టు పట్టుకున్నట్టు ఆగిపోయింది.

"తరవాతి రైలు ఎన్నింటికి?" అని అడిగి, మళ్లీ పైకి పోయాను.