జంట విడిపోలేదు

2022లో హోసూరు నుంచి ఒక తెలుగు దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. కెలమంగలంలో పట్టుపురుగులు పెంచే మునెమ్మ కూతురు సుగుణ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ ముగిస్తోందని తెలిసి, ఒక ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను.

సుగుణ నాకు ఓపికగా వివరించింది. పరమాణువు నడిమధ్య ఉండే న్యూక్లియస్ అన్నిసార్లూ గుండ్రంగా ఉండదు. కొన్ని పట్టుగూడులాగా సాగి ఉంటాయి. వీటిని డిఫార్మ్‌డ్ న్యూక్లియస్‌లు అంటారు. లోపలి కణాలకు మెట్ల వంటి శక్తి స్థాయిలుంటాయి. వేర్వేరు తీరుల్లో తిరిగే రెండు కణాల మెట్లు ఒక్కోసారి దాదాపు ఒకే ఎత్తున జంటగా కనిపిస్తాయి. ఆ పొందికే సూడోస్పిన్ సిమ్మెట్రీ. న్యూక్లియస్ సాగినా జంటలు నిలుస్తాయన్నది ఆమె థీసిస్‌కు ఆధారం.

అయితే ఆ వారం గీసిన గ్రాఫ్‌లో ఒక జంట, సాగుదల కొంత దాటగానే, ఉన్నట్టుండి దూరమైపోయింది. యూనివర్సిటీకి థీసిస్ సారాంశం ఇవ్వడానికి నాలుగు రోజులే గడువు. ఇప్పటికే ఒకసారి పొడిగించారు, మళ్ళీ కుదరదన్నారు. కారణం చెప్పలేకపోతే ఆరేళ్ళ పని అక్కడితో ఆగుతుంది. కొత్త సంగతి బయటపడిందని రాసుకోవచ్చా అని అడిగాను. నాకు హెడ్డింగ్ అప్పుడే కనబడుతోంది.

"వద్దు సార్. కొత్తదో, నా తప్పో నాకే తెలీదు" అంది.

మేం లోపలికి వెళ్ళేసరికి మునెమ్మ పురుగులను నాలుగో జ్వరం నుంచి లేపి, మల్బరీ ఆకు వేస్తోంది. పాత చర్మం వదిలే ముందు పురుగులు మేత మాని పడుకోవడాన్ని అక్కడ జ్వరం అంటారు. తట్టలను స్టాండు మీద పైకీ కిందికీ మారుస్తోంది. వయసు వేరైన పురుగులు కలిస్తే ఒకేసారి గూడు కట్టవు కాబట్టి ప్రతి తట్టకూ ఏ విడతదో రాసిన ఒక చీటీ. పైమెట్టు తట్టలో ఏ విడతవని ఆమె అడిగితే, పక్కన ఆకు అందిస్తున్న సుగుణ తల కూడా ఎత్తకుండా రెండో విడతవని చెప్పింది.

"మెట్టు చూసి చెప్తావేమే? పురుగును చూసి చెప్పు. నిన్న ఆడ ఉండేది ఈ పొద్దు ఈడికొచ్చింది. చీటీ తట్టతో పోవల్ల గానీ మెట్టుతో కాదు" అంది మునెమ్మ.

సుగుణ చేతిలోని ఆకు తట్టలో పడేసింది. చెయ్యి తుడుచుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆమె ప్రోగ్రామ్ స్థాయిలకు కింది నుంచి వరస సంఖ్యలు వేస్తోంది. న్యూక్లియస్ సాగుతున్నప్పుడు ఒక స్థాయి మరోదాన్ని దాటి పోతే, పాత సంఖ్య కొత్తదానికి అంటుకుంటోంది. కణం ఎలా పరుచుకుని ఉందో చెప్పే వేవ్ ఫంక్షన్‌ను బట్టి ప్రతి స్థాయినీ గుర్తుపట్టేలా లెక్క మార్చింది.

ఫలితం వచ్చేసరికి మధ్యాహ్నమైంది. మునెమ్మ పెట్టిన సంగటి తిని నేను అక్కడే ఉన్నాను. రెండు గీతలూ చివరిదాకా పక్కపక్కనే సాగాయి. సుగుణ కుర్చీలో వెనక్కి వాలింది.

"విడిపోలేదు సార్. నేనే పక్కింటోళ్ళను తెచ్చి జంటలో కూర్చోబెట్టినాను."

"అయిందా? అయితే పొయ్యి ఆకు కోసుకోని రా" అంది మునెమ్మ.

సారాంశం గడువులోపలే వెళ్ళింది, ఆ తర్వాత పట్టా కూడా వచ్చింది. నా వార్త ఒక వారం ఆలస్యంగా, వేరే హెడ్డింగ్‌తో అచ్చయింది.

గ్రూప్ ఫొటోల కింద 'ఎడమ నుంచి' అని పేర్లు రాసేటప్పుడు, అంతకుముందు కుర్చీల జాబితా చూసి రాసేవాణ్ణి. మనుషులు కుర్చీలు మారతారు. ఆ రోజు తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పేరు అడిగి రాసుకుంటున్నాను.