పడుగు ఎత్తేదాకా

కొత్త లుంగీ మడత విప్పగానే వచ్చే గంజి వాసనకు నాకు గుడియాత్తం ఊరి చివరి మైదానం గుర్తొస్తుంది. పొద్దున్నే మా నేతవాళ్ళు పడుగు నూలును ఆ పొడవునా లాగి కట్టి, గంజి పట్టించి ఆరబెట్టేవాళ్ళు. ఎండ వాలాక అదే నేల మీద ఒక మూల చెడుగుడు, ఇంకో మూల వాలీబాల్, నడుమ ఫుట్‌బాల్, వీధికొక జట్టు, తెలుగులో మొదలై తమిళంలో ముగిసే కేకలు, గట్టున వేరుశనక్కాయలు వేయించే పొగ. మనం ఏ రాష్ట్రంలోకి పోతామో అని పెద్దలు ఆ గట్టు మీద తగువులాడుతుంటే, మాకు మాత్రం ఏ జట్టులోకి పోతామన్నదే దిగులు.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. చివరి పడుగు ఎత్తేదాకా బంతి తన్నకూడదు. పోగులు తెంపినవాడు వాటన్నిటినీ అతికాకే ఆటకు లేవాలి.

వేలూరు పెద్ద జట్టువాళ్ళు పిల్లల్ని ఎంచుకోవడానికి వచ్చిన రోజు, చెంగప్ప మామ పడుగు ఇంకా ఎత్తకముందే ఆత్రం పట్టలేక బంతి తన్నాను. ఆరిన పోగులు పుటపుటా తెగిపోయాయి. చూసింది నా జతగాడు యేసుపాదం ఒక్కడే. వాళ్ళ నాయన తోళ్ళ కార్ఖానాలో కూలి. వాడంత బాగా గోలు కాసేవాడు మా ఊళ్ళో లేడు.

"మగ్గమోళ్ళ బిడ్డే పడుగు తెంపినాడంటే మీ నాయన తలెత్తుకోలేడప్పా. నేనని చెప్తా, నువ్వు పోయి ఆడు" అన్నాడు.

పోయి ఆడాను. సిగ్గు లేకుండా ఆడాను. మైదానం అంచుకు జరిపిన పడుగు ముందు కూర్చున్న వాడికి ముడి వేయడం సరిగ్గా రాదు, పోగులు వేళ్ళలోంచి జారుతూనే ఉన్నాయి. ఆట ముగిసి వేలూరువాళ్ళు నన్ను ఎంచుకుని వెళ్ళిపోయేసరికి కూడా వాడు తల వంచుకుని అతుకుతూనే ఉన్నాడు.

రాష్ట్రాలు విడిపోయాక యేసుపాదం వాళ్ళు చిత్తూరు వైపు వెళ్ళిపోయారు. వెళ్ళేలోగా తప్పు ఒప్పుకుందామని రోజూ అనుకున్నాను కానీ నోరు రాలేదు.

ఇప్పుడు ఆ మైదానం నిండా ఇళ్ళు. నూలుకు గంజి మిషన్లే పట్టిస్తున్నాయి. ఆ జట్ల పేర్లు అడిగితే చెప్పేవాళ్ళు కూడా లేరు. నిన్న కొత్త లుంగీ అంచున ఒక పోగు తెగి కనిపిస్తే, చూడకుండానే ముడి వేసేశాను. ఏడేళ్ళప్పుడే చేతికొచ్చిన పని, రెప్పపాటు పట్టలేదు. ఆ రోజు వాడి పక్కన కూర్చుని ఉంటే, ఆట మొదలయ్యేలోపే ఇద్దరం లేచేవాళ్ళం.